ఇంట్లో ఎంతమంది

వాగు అవతలి రాతి ఇల్లు,
మార్చి 9

మాస్టారూ,

చేరాను. ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు. ఇక్కడ ఫోను పలకదు. వాగు దాటి నాలుగు మైళ్ళు నడిచి రోడ్డెక్కితే గానీ సిగ్నల్ రాదు. గురువారం గురువారం పాల వ్యాను వంతెన దాకా వస్తుంది, ఉత్తరాలు దాని డ్రైవరు చేతికే ఇవ్వాలి. ఒకందుకు ఇదే మంచిది. ఫోనులో అయితే నువ్వు మాట్లాడవు, నేను మాట్లాడటం ఆపను.

ఇల్లు మనం ఫోటోలో చూసినట్టే ఉంది, పైకప్పు తప్ప. ఫోటోలో పైకప్పు మొత్తం ఉంది, ఇక్కడ సగమే ఉంది. మొదటి వారమంతా మంచాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుకుంటూ గడిపాను. పద్దెనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, ఒక గొడ్డలి పట్టుకోలేనా అనుకున్నాను. పట్టుకోగలను, కానీ కట్టె ఒకచోట ఉంటే దెబ్బ ఇంకోచోట పడుతోంది. పక్కింట్లో తేనెటీగలు పెంచే ఆయన ఉన్నాడు, ఊరంతా తేనె అన్న అంటారు. గోడ మీద చేతులానించి అరగంట చూసి, "తమ్ముడూ, ఆ కట్టెకి నీ మీద ఏ కోపమూ లేదు, నీకెందుకు దాని మీద అంత పగ?" అన్నాడు. తర్వాత గోడ దూకి వచ్చి, గొడ్డలిని బలంతో కాకుండా దాని బరువుతోనే ఎలా దించాలో నేర్పాడు. వాళ్ళావిడని వదినా అని పిలుస్తున్నాను. ఆవిడ నాకు తడి కట్టెలతో పొయ్యి రాజెయ్యడం నేర్పింది. నలభై ఒక్క ఏళ్ళు వచ్చాక నిప్పు ముట్టించడం నేర్చుకున్నాను, నవ్వుకో.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది, అది చెప్పాలనే కూర్చున్నాను. మొత్తం ఇరవై మూడు ఇళ్ళు. అందరికీ కలిపి ఒక విత్తనాల గది ఉంది. దాని ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుంటుంది. ఒకటో తారీఖున, పదిహేనో తారీఖున, ఆ గది చూసుకునే పెద్దమ్మ దాన్ని సుత్తితో కొడుతుంది. అందరూ వస్తారు. ఆవిడ ఒక్కో ఇంటినీ పిలుస్తుంది. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఇక్కడ ఉన్నారు, ఎవరు బయటికెళ్ళారు, ఎప్పుడొస్తారు, ఇవన్నీ చెప్పాలి. పదకొండేళ్ళ క్రితం కొండచరియ విరిగిపడ్డప్పుడు ఒకింట్లోంచి ముగ్గురిని బయటికి తీసి, ఇక అయిపోయిందని తవ్వడం ఆపేశారట. ఆ వారం ఆ ఇంటికి చుట్టం ఒకడు వచ్చి ఉన్నాడని ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఈ లెక్క మొదలైంది.

అది వింటుంటే నాకు మన పాత అపార్టుమెంటు కింది అంతస్తు పెద్దాయన గుర్తొచ్చాడు. కరెంటూ నీళ్ళూ లేని ఆ పదకొండు రోజులూ మనం తలుపు బిడాయించుకుని కూర్చున్నాం, ఆయన మన కాళ్ళ కింద ఒంటరిగా పోయి ఉన్నాడు. లిఫ్టు నడిచాక ఆ తలుపు తెరిచింది నేనే. ఆ రోజే కదా పట్నం వదిలేద్దామని మనం నిర్ణయానికొచ్చాం. సరైన చోటికే వచ్చాననిపిస్తోంది.

నా వంతు వచ్చినప్పుడు, "ఇద్దరం. ఒకరం ఇక్కడ, ఇంకొకరు ఏడాది తిరిగేలోపు వస్తారు" అని చెప్పాను. ఆ మాట అంటుంటే ఎంత బాగుందో.

నీ మొండిఘటం

*

కుట్టుషాపు మీది గది,
ఏప్రిల్ 4

మొండీ,

ఉత్తరం అందింది. నీ చేతిరాత ఇంత ఘోరంగా ఉంటుందని పదమూడేళ్ళలో తెలియలేదు. మందుల షాపులో చూపిస్తే ఏదో ఒక మాత్ర ఇచ్చేలా ఉన్నారు.

నువ్వు లేని ఇంట్లో పెద్ద మార్పేమీ లేదు. నీ టూల్‌బాక్సు ఉండే చోట ఖాళీ ఉంది, దాన్ని తన్నుకుని పడటానికి ఇప్పుడు వీల్లేదు. అయినా అక్కడికొచ్చేసరికి కాలు ఎత్తి వేస్తున్నాను. షాపులో పని బానే ఉంది. నిన్న ఒకాయన పెళ్ళి కోటు ట్రయల్‌కి వచ్చి, ఒళ్ళు తగ్గాక కుట్టండని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇద్దరం అని చెప్పావని చదివి కత్తెర కింద పెట్టి కాసేపు కూర్చున్నాను. చాలా సంతోషమైంది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

కానీ ఒకటి అడగాలి. నువ్వు బయల్దేరే రోజు బస్టాండులో నేను పెట్టిన షరతు ఒక్కటే. ఆ కొండల్లో బంగాళాదుంపలు పండించినా పండించకపోయినా నాకు ఫర్వాలేదు, నన్ను మాత్రం తమ్ముడనో, స్నేహితుడనో, అద్దె పంచుకునేవాడనో చెప్పొద్దన్నాను. మా నాన్నకి నిజం చెప్పిన రోజు నాకు ఇరవై ఆరేళ్ళు. నేను మెట్లు దిగేలోపే తలుపేసేశాడు. మళ్ళీ తియ్యలేదు. ఆ ఇంట్లోంచి నాకు మిగిలింది అక్క ఒక్కతే. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న నిజాన్ని ఈ వయసులో మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యలేను. మనం ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు మగవాళ్ళం. వాళ్ళకి నచ్చకపోతే నచ్చలేదని ముందే తెలియాలి. అప్పుడు నేను రాను, నువ్వే తిరిగొచ్చేద్దువు, కొంప మునిగేదేం లేదు. తెలియకుండా మాత్రం రాలేను.

అందుకని ఇది చెప్పు. రెండోవాళ్ళు ఎవరని చెప్పావు?

మాస్టారు

*

రాతి ఇల్లు,
మే 21

మాస్టారూ,

ఒళ్ళు హూనమైపోయింది గానీ మనసు తేలిగ్గా ఉంది. పైకప్పు పూర్తయింది. పన్నెండు మంది వచ్చి రెండు రోజుల్లో వేసేశారు. ఇక్కడ ఎవరింటి పైకప్పైనా అందరిదే, రేపు నేనూ ఇంకొకరింటికి వెళ్ళాలి. బంగాళాదుంప మొక్కలు మోకాలంత ఎత్తు వచ్చాయి. వాటి మొదట్లోకి మట్టి ఎగదోయాలని తెలియక ఊరికే నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ చూసి, "దాహం కాదు నాయనా దానికి, చలి" అంది. అందరూ రెండు రోజులు అదే మాట అనుకుని నవ్వారు.

నా చేతి విద్య కూడా ఇక్కడ అక్కరకొచ్చింది. వాగులోంచి గోడకి రాళ్ళు మోస్తుంటే చూడలేక, చెట్టుకి కప్పీ బిగించి తాడుతో లాగించాను. ఇద్దరు మోసే రాయి ఇప్పుడు ఒక్క చేత్తో పైకొస్తోంది. అప్పట్నుంచి నన్ను లిఫ్టాయన అంటున్నారు.

వదిన నీ కోసం స్వెట్టరు అల్లుతానంటోంది. రెండోవాళ్ళు పట్నం నుంచి వస్తే మొదటి చలికే జబ్బు పడతారట. నీలం ఊలు తీసింది.

నువ్వడిగిన దానికి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు కాలవ పూడిక తీసే వంతు నాది, పార పట్టుకుని బయట పిలుస్తున్నారు.

ఇంకో చిన్న సంగతి. కవరు వెనక నీ పేరు బదులు షాపు పేరు రాస్తావా? వ్యాను డ్రైవరు కూడబలుక్కుని చదువుతాడు, షాపు పేరైతే అతనికి తేలిక.

నీ మొండిఘటం

*

కుట్టుషాపు మీది గది,
జూన్ 10

మొండీ,

నీ పేరు చదవగలిగే డ్రైవరు నా పేరు చదవలేడా? నాది నీ పేరుకంటే రెండక్షరాలు తక్కువ.

అడిగినదానికి జవాబు రాలేదు. ముందు పైకప్పు, తర్వాత దుంపలు, ఆ తర్వాత రాళ్ళు. నాకు బట్ట చూస్తే తెలుస్తుంది, ఎక్కడ మడత కింద కుట్టు విప్పి ఉందో. నీ ఉత్తరం అలా ఉంది.

అయినా స్వెట్టరు అల్లే ఆవిడని అనవసరంగా నిలబెట్టడం మర్యాద కాదు. కొలతలు పంపుతున్నాను, చీటీ విడిగా పెట్టాను. ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై నాలుగు, పొడవు ఇరవై ఏడు అంగుళాలు. ఆ చీటీ ఆవిడ చేతికివ్వు. ఇచ్చాక ఆవిడ ఏమందో రాయి. నాకు అదే జవాబు.

మాస్టారు

*

రాతి ఇల్లు,
జులై 30

మాస్టారూ,

చీటీ అందింది. ఆవిడకి ఇచ్చాను, ఏమీ అనలేదు. స్వెట్టరు సగమైంది.

దుంపలు తవ్వేటప్పటికి వస్తానని అక్కతో అన్నావట, అక్క రాసింది. ఇప్పుడు రాకు. వానలు మొదలయ్యాయి, వంతెన పలకలు కదులుతున్నాయి. చలికాలం పోయాక అయితే దారి ఆరుతుంది. నువ్వు మొదటిసారి చూసేటప్పుడు ఈ ఊరు బాగుండాలని నా ఆశ. రాకు, నా మాట విను.

నీ మొండిఘటం

*

(పోస్టుకార్డు)
ఆగస్టు 12

పద్దెనిమిదేళ్ళు ఆగిపోయిన లిఫ్టులు నడిపించినవాడివి, ఇప్పుడు మనిషిని మధ్యలో ఆపేస్తున్నావు. ఇరవయ్యో తారీఖు పొద్దున బస్సుకి వస్తున్నాను. నా కళ్ళతో చూసుకుని వెళతాను.

మాస్టారు

*

రాతి ఇల్లు,
సెప్టెంబరు 2

మాస్టారూ,

నువ్వు ఆసుపత్రిలో నాతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నావు. అక్క నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "ఇప్పుడు కాదురా, వెళ్ళు" అంది. వచ్చేశాను. నీ కాలికి ప్లేటు వేశారని, నిన్ను తనింటికి తీసుకెళ్ళిందని తర్వాత రాసింది. ఈ ఉత్తరం చింపెయ్యాలనిపిస్తే చదివాకే చింపు.

అబద్ధం ఎలా మొదలైందో చెబుతాను. ఆ మొదటి పిలుపు రోజున ఇద్దరం అని చెప్పాను కదా. పెద్దమ్మ పెన్సిలు పట్టుకుని, "రెండోది ఇంటావిడా?" అని అడిగింది. నేను తల ఊపాను. అంతే చేశాను. నోరు తెరిచి ఒక్క అబద్ధం కూడా ఆడలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నీ కొలతల చీటీ వదినకి ఇవ్వలేదు. నలభై రెండు ఛాతీ చూస్తే ఆవిడకి తెలిసిపోతుంది. "నా చెవి దాకా వస్తుంది, సన్నగా ఉంటుంది" అని చెప్పాను. ఆవిడ ఆ కొలతకే అల్లింది.

ఇరవయ్యో తారీఖున పదకొండు గంటలకి వంతెన కొట్టుకుపోయింది. పట్టా మోగింది. అందరం చేరాం. నా ఇల్లు పిలిచేసరికి, "ఒకరం ఇక్కడ, ఒకరు దారిలో" అన్నాను. పెద్దమ్మ కాగితం మీదనుంచి తలెత్తి, "దారిలోనా? పొద్దున బస్సుకా? ఎలా ఉంటుందమ్మాయి?" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఇరవై మూడు ఇళ్ళవాళ్ళూ వానలో నిలబడి నన్నే చూస్తున్నారు. నోటిదాకా వచ్చింది. ఎవరు కనిపించినా ఎలాగూ తీసుకొస్తారులే అనుకున్నాను. "పొడుగ్గా ఉంటుంది" అన్నాను.

ఇక్కడ సొంతవాళ్ళని వెతకడానికి పంపరు, కళ్ళు సరిగా పనిచెయ్యవని. అందుకని నేను తాడు దగ్గర ఉన్నాను. వాగు మీదుగా కప్పీ కట్టి, పలక కుర్చీ వేలాడేసి, అయిదుగురిని ఒక్కొక్కరినీ అవతలికి దాటించాను. నా చేతుల్తో నేనే వాళ్ళని లేని ఆడమనిషి కోసం పంపించాను. అందరికంటే ముందు ఎర్ర టోపీ బిగించుకుని వెళ్ళింది తేనె అన్న. "నీ ఇంటావిణ్ణి తెచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెడతాం, ఏడవకు" అన్నాడు.

సాయంత్రానికి తిరిగొచ్చారు. అన్నని మోసుకొచ్చారు. వాగు కింది మలుపు దగ్గర గట్టు జారి, రాళ్ళ మీద పడి, భుజం ఎముకా రెండు పక్కటెముకలూ విరిగాయి. "ఏ ఆడమనిషీ లేదు, కింది దాకా చూశాం" అన్నారు. "ఒక మగమనిషి మాత్రం గొర్రెల పాకలో ఉన్నాడు, రోడ్డవతలి ఊరట, కాలు వాచింది. వాళ్ళవాళ్ళు వస్తున్నారన్నాడు. మెడలో కొలత టేపు వేసుకుని కూర్చున్నాడు పాపం" అన్నారు.

నువ్వు టేపు తీయడం మర్చిపోయి బస్సెక్కి ఉంటావు.

అప్పుడు చెప్పాను. అందరి ముందూ చెప్పాను. "అతనే. నా ఇంట్లో రెండోవాళ్ళు అతనే. పదమూడేళ్ళుగా అతనే" అన్నాను. వదిన భర్త పక్కన మట్టిలో కూర్చుని నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను రాయలేను. మళ్ళీ నలుగురు తాడు పట్టుకున్నారు, ఈసారి నేనూ దాటాను, తర్వాతది నీకు తెలుసు.

నిన్ను దాచుకుందామని నిన్నే పోగొట్టుకోబోయాను. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు, కానీ అడుగుతున్నాను.

నీ మొండిఘటం

*

అక్కవాళ్ళ ఇల్లు, కిటికీ గది,
అక్టోబరు 6

మొండీ,

నీ ఉత్తరం దిండు కింద నెలరోజులుంది. రోజూ ఒకసారి తీసి చదివి, నీ మీద కోపం సరిచూసుకుని, మళ్ళీ పెట్టేసేవాణ్ణి. కోపం ఇప్పటికీ ఉంది. కానీ ఆ కోపం చాటున నేను ఒకటి దాచాను. అక్కకి కూడా చెప్పలేదు. నీకు చెప్పకపోతే నాకిక నీ ఉత్తరం చదివే అర్హత లేదు.

దారి కుంగి పడ్డాక పాకుతూ పాక దాకా వచ్చాను. ఒక గంటకి మీవాళ్ళు అయిదుగురు వచ్చారు. ఎర్ర టోపీ పెట్టుకున్నాయన వంగి, "బాబూ, ఒకావిడ ఇటు రావడం చూశావా? లిఫ్టాయన భార్య, పొద్దున బస్సుకి వచ్చి ఉండాలి" అన్నాడు.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. కవరు మీద పేరు, జవాబు రాని ప్రశ్న, రావద్దన్న ఉత్తరం. నేనే అని ఒక్క మాట అంటే చాలు, వాళ్ళ పని అయిపోయేది. "లేదండీ, ఏ ఆవిడనీ చూడలేదు" అన్నాను. అంత నిజమైన మాటతో అంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. మీది ఏ ఊరని అడిగితే రోడ్డవతల అన్నాను. మావాళ్ళు వస్తున్నారన్నాను. ఆయన తన భుజం మీది కంబళి తీసి నాకు కప్పాడు. రొట్టె ముక్క చేతిలో పెట్టాడు. "ముందు ఆవిణ్ణి చూసొస్తాం, నువ్వు కదలకు" అని వానలోకి వెళ్ళిపోయాడు.

నీ గుట్టు కాపాడ్డానికే ఊరుకున్నానని ఆసుపత్రిలో చాలా రోజులు నమ్మాను. అది కాదు. వెతుక్కోనీ అనుకున్నాను. లేని పెళ్ళాం కోసం వాడు ఏడవనీ, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. నిన్ను ఏడిపించడానికి ఆయన్ని పంపించాను. విరిగింది ఆయన ఎముకలు. అది తేనె అన్న అని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

నిజం చెప్పమని నీకు షరతు పెట్టినవాణ్ణి నేను. నేను చెప్పాల్సిన సమయం వచ్చినప్పుడు నోరు మూసుకున్నాను. నువ్వు భయంతో దాచావు, నేను కక్షతో దాచాను. రెండిట్లో ఏది పెద్దదో నాకు తెలుసు.

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు.

మాస్టారు

*

రాతి ఇల్లు,
అక్టోబరు 24

మాస్టారూ,

చదివాను. అన్న మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు, వదిన గుమ్మంలో నిలబడింది. "నేనే అని ఒక్క మాట" దగ్గర ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్క ముక్క వదల్లేదు.

అన్న కిటికీలోంచి తేనె పెట్టెల వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "ఆ కంబళి ఏమైంది?"

మాస్టారి దగ్గరే ఉందనుకుంటానన్నాను.

"మా అమ్మది అది. తెచ్చిమ్మను" అన్నాడు. "పోస్టులో పంపితే తీసుకోను."

నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాను.

నువ్వు ఇక్కడి సంగతి మంచీ చెడూ రెండూ తెలుసుకోవాలి. ఈసారి పైకప్పూ దుంపలూ అడ్డం పెట్టుకోను. రెండిళ్ళవాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. వాగు ఒడ్డు ఇంటి ముసలాయన నేనొస్తుంటే దారి మారి వెళుతున్నాడు. మనం ఎవరమో అనే దానికే కొందరికి కోపం. పెద్దమ్మ కోపం అది కాదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే నన్ను విత్తనాల గదిలోకి పిలిచి, "నువ్వు ఎవరితో ఉంటే నాకెందుకు? మనిషిని వెతకాలంటే ఆ మనిషి ఎవరో నాకు తెలియాలి. నా చేత లేని మనిషిని రాయించావు, ఉన్న మనిషిని వదిలేశాం. పదకొండేళ్ళ కింద ఒకణ్ణి అలాగే వదిలేశాం" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను. ఆ చుట్టం, ఆవిడకి కూడా చెప్పకుండా వచ్చిన ఆవిడ అల్లుడని అప్పుడే తెలిసింది.

శిక్ష కూడా వేసింది. వచ్చే వేసవి దాకా పట్టా కొట్టేదీ, ఇళ్ళు పిలిచేదీ నేనే. ఒకటినీ పదిహేనునా అందరి ముందూ నిలబడి ఒక్కో ఇంటినీ అడుగుతున్నాను. చివర నా ఇంటిని నేనే పిలుచుకుని నేనే చెప్పాలి. ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. "ఒకరం ఇక్కడ. ఇంకొకరి సంగతి తెలియదు." పెద్దమ్మ అలాగే రాసుకుంటోంది. పోయినసారి మాత్రం, "తెలియదన్నది కూడా లెక్కే. కానీ తెలుసుకో" అంది.

అన్న మూడు నెలలు బరువెత్తకూడదు. ఆయన పెట్టెలు నేనే చూస్తున్నాను. ఆయన గోడ మీద కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను, తేనెటీగలు కుడతాయి. పోయిన వారం మొహం బూరెలా ఉబ్బిపోయింది. ఆయన నవ్వి, పక్కటెముకలు పట్టుకుని మూలిగాడు. ఆ రోజు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

నిన్న వాళ్ళింటికి వెళితే వదిన నీలం స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని విప్పుతోంది. చేతుల దగ్గర్నుంచి మొదలుపెట్టి గబగబా దారం లాగేస్తోంది. మా మీద కోపంతో పాడుచేస్తోందనుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ నన్ను చూడకుండానే, "ఊలు చాలదు, ఇంకో నాలుగు ఉండలు కావాలి. ఛాతీ ఎంత?" అంది.

నీ చీటీ నా జేబులోనే ఉంది మాస్టారూ. జూన్ నుంచీ జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరిగింది. తీసి ఇద్దామని చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాను. నువ్వు వస్తావో రావో తెలియకుండా ఇస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. "అడిగి చెబుతాను వదినా" అన్నాను.

అందుకే అడుగుతున్నాను. నవంబరు పదిహేనున పట్టా కొడతాను. నా ఇంట్లో ఎంతమందో చెప్పాలి. ఒకరైతే ఒకరనే చెబుతాను, అది నేను చేసుకున్నదే. బతిమాలను. బతిమాలాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ బతిమాలను. నువ్వు ఏది చెబితే అదే అక్కడ పలుకుతాను.

నీ మొండిఘటం

*

అక్కవాళ్ళ ఇల్లు,
నవంబరు 5

మొండీ,

చేతికర్రతో మెట్లు దిగుతున్నాను. ఎడమ కాలు అర అంగుళం పొట్టిదైంది. చెప్పుకి అట్ట వేసుకుంటే తెలియదు, వేసుకోను. షాపు మా పెద్ద పనివాడికి ఏడాదికి అప్పగించాను. ఏడాది తర్వాత ఏమిటని అడక్కు, నాకూ తెలియదు. కత్తెరా, టేపూ, సుద్దముక్కల డబ్బా మాత్రం నావి, తెచ్చుకుంటాను.

నిన్ను క్షమించానా అంటే ఇంకా పూర్తిగా లేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు. ఆ మిగిలింది దూరం నుంచి తేలేది కాదు.

పదిహేనున ఇద్దరని చెప్పు. ఒకరు ఇక్కడ, ఒకరు దారిలో. దారిలో ఉన్నది ఎవరో కూడా చెప్పు. పొడుగు, సన్నం కాదు, చేతికర్ర ఉంటుంది, మెడలో టేపు ఉంటుంది. ఒకటో తారీఖు పిలుపుకి నేనే వచ్చి అక్కడ నిలబడతాను. ఆ రోజు పాకలో ఉన్నది నేనేనని, అడిగితే కాదన్నది నేనేనని నా నోటితో చెబుతాను. ముసలాయన దారి మారితే మారనీ, ఇద్దరికీ కలిపి ఒకసారే మారతాడు.

కింది చీటీ చించి వదిన చేతికివ్వు. ఈసారి ఇవ్వు.

మాస్టారు


వదినగారికి,

ఛాతీ నలభై. ముందు నలభై రెండు, మంచం మీద రెండు తగ్గింది. భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై నాలుగు, పొడవు ఇరవై ఏడు. మీ ఊళ్ళో పని ఎక్కువని విన్నాను కాబట్టి చంకల దగ్గర కొంచెం వదులుగా ఉంచండి.

కంబళి ఉతికించాను. ఒక అంచు ఊడితే అదే రంగు దారం వెతికి కుట్టాను. అన్నగారికి చలికాలానికి ఒక కోటు కుడతాను, విరిగిన భుజం నొప్పి పుట్టకుండా చెయ్యి దూరేలా. ఆయన కొలతలు పంపకండి. నేనే వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి తీసుకుంటాను.